సూటు అను మాటకు అర్థమేమి?

ఇంగ్లీషు పాఠ్యపుస్తకము చేతబట్టిన విద్యార్థి మొట్టమొదట చేయు పని యేదనగా, తనకు తెలియని మాటల క్రింద పెన్సిలుతో గీతలు గీచి, వాటిపైన సన్నని యక్షరములతో ఒక్కొక్క మాటకు ఒక్కొక్క తెలుగు అర్థమును వ్రాసికొనుట. పిమ్మట నోటుపుస్తకములో పేజీనడుమ నిలువుగీత గీచి, ఎడమప్రక్క ఇంగ్లీషు మాటను, కుడిప్రక్క తెలుగు మాటను దించుకొని, పరీక్షకు ముందు వల్లె వేయును. ఈ పద్ధతి మా చిన్ననాడును ఉండెను, నేటికిని ఉన్నది. బజారులో అమ్మెడి గైడు పుస్తకములు దీనిని మరింత సులభము చేసి, గీత గీయు శ్రమకూడ బాలునకు లేకుండ చేసినవి. మా ఫిర్యాదు ఈ నిలువుగీతమీదనే.

ఒక మాటకు ఒక అర్థమే యుండునని ఎవరును నోరు విప్పి చెప్పకుండగనే ఆ గీత బాలునకు బోధించుచున్నది. ఉపాధ్యాయుడు తరగతిలో ఏమి చెప్పినను, నోటుపుస్తకములో నిలిచినదే బాలుని మనస్సులో నిలుచును. ఈ విషయమై సిద్ధాంతములు వల్లించుటకంటె, ఒక్క మాటను ముందుంచుకొని దాని పుట్టుపూర్వోత్తరములు విచారించుట మేలని మాకు తోచినది. పెద్ద మాటను ఎన్నుకొనలేదు. ఆరవ తరగతి బాలునకు సైతము తెలిసిన మాటనే ఎన్నుకొంటిమి. అది సూటు.

సూటు అనగానేమని మా పై తరగతులలో అడిగి చూచితిమి. కోటును ప్యాంటును అని అందరు నొక్క గొంతుతో చెప్పిరి. ఒకరిద్దరు పెండ్లికొడుకు తొడుగుకొను బట్టలనిరి. అబద్ధము కాదు. తెలుగుదేశమునకు ఈ మాట వేషము నంటిపెట్టుకొనియే వచ్చినది. సూటు బూటు అన్నచో దర్జా స్ఫురించును. సఫారీ సూటు, నైటు సూటు, సల్వారు సూటు అని బట్టల కొట్లలో వినబడును. సూటుకేసు మన యిండ్లలో ఎంతగా పాతుకొనిపోయినదనగా, దానిలో ఎన్నడును సూటు పెట్టి యెరుగనివారు సైతము దానిని ఆ పేరుతోనే పిలుతురు. సూటు మడత చెడకుండ ప్రయాణమునకు తీసికొనిపోవుటకై చేసిన పెట్టె గనుక దానికి ఆ పేరు వచ్చినది.

కాని బట్టల విషయములో సైతము మా బాలురు చెప్పిన అర్థము పూర్తిగా కుదురదు. ఎఱ్ఱని కోటును నల్లని ప్యాంటును తొడిగినవాడు రెండు వస్త్రములు ధరించినవాడే గాని సూటు ధరించినవాడు కాడు. ఒకే గుడ్డతో, కలిపి తొడుగుటకై కుట్టిన దుస్తులకే ఆ పేరు చెల్లును. 1666 అక్టోబరులో ఇంగ్లండు రాజు రెండవ చార్లెస్ తన కొలువులో వెస్టు అను పొడవైన లోయంగీతో కూడిన క్రొత్త వేషమును ప్రవేశపెట్టగా, శామ్యూల్ పీప్స్ ఆ సంగతిని తన దినచర్యలో వ్రాసియుంచెను. కోటు, వెస్టు, కాలిదుస్తులు అను మూడింటి కూర్పునకు చరిత్రకారులు అక్కడనే మొదలు చూపుదురు. వస్త్రముకంటె కూర్పు ముఖ్యమని చదువరులు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాము. దీనితో ముందుముందు పని యున్నది.

ఇక ఒక చిన్న ప్రమాదము. తన పుట్టినరోజును గురించి వ్యాసము వ్రాయుమన్నచో, తండ్రి కొనిపెట్టిన క్రొత్త దుస్తులు ధరించి బడికి వచ్చితినని చెప్పదలచిన బాలుడు "బర్త్‌డే సూట్" వేసికొని వచ్చితినని వ్రాయును. బర్త్‌డే అనగా పుట్టినరోజు, సూటు అనగా దుస్తులు. నోటుపుస్తకము ప్రకారము తప్పేమియు లేదు. కాని ఇంగ్లీషువారి వాడుకలో ఆ రెండు మాటలు కలిసినచో, తల్లికడుపునుండి పడిననాటి వేషము, అనగా ఒంటిమీద నూలుపోగైనను లేకుండుట, అని యర్థము. పదునెనిమిదవ శతాబ్దమున రాజుగారి జన్మదినమునకు కొలువులోనివారు ధరించు విలువైన దుస్తులకు ఈ పేరుండెను. తరువాత ఎవడో చమత్కారి దానిని త్రిప్పివేసినాడు. పాపము, బాలుడు పట్టుబట్టలతోనే వచ్చియుండును.

అది నవ్వుకొని విడువదగినది. నవ్వుటకు వీలులేని సంగతి యొకటి కలదు. కొన్ని సంవత్సరముల క్రిందట మా యొద్ద తొమ్మిదవ తరగతి చదువుచుండిన బాలుని తండ్రి దర్జీ. కుట్టుమిషనులకై ఒకచోట అప్పు చేసి, కొన్ని వాయిదాలు తప్పినాడు. ఒకనాడు రిజిస్టరు టపాలో ఇంగ్లీషు కాగితము వచ్చినది. ఇంటిలో ఇంగ్లీషు వచ్చినవాడు ఆ బాలుడొక్కడే. పదునైదు దినములలో బాకీ చెల్లింపనియెడల "సూట్ ఫైల్" చేయవలసివచ్చునని వకీలు వ్రాసిన నోటీసు అది. బాలునకు సూటు తెలియును, ఫైలును తెలియును. ఎవరిదో సూటును ఫైలులో పెట్టుదురట అని తండ్రికి చెప్పినాడు. తండ్రి వృత్తిచేత దర్జీ యగుటవలన ఆ మాట అతనికి మరింత నమ్మదగినదిగా తోచినది. కుట్టు నచ్చని ఖాతాదారు డెవడో కోపముతో వ్రాసినాడని యెంచి, కాగితమును కత్తెరల సొరుగులో పడవైచి, ఎవరైన వచ్చి అడిగినచో సరిచేసి యిత్తమని ఊరకుండెను. కోర్టునుండి సమను వచ్చినప్పుడు గాని విషయము తెలియలేదు. అప్పటికి అసలునకు, వడ్డీకి కోర్టు ఖర్చులు, ప్లీడరు ఫీజు తోడైనవి. "మాష్టరుగారూ, ఆ పదునైదు రోజులలో పోయి వారి కాళ్లో వ్రేళ్లో పట్టుకొనియుంటే సగముతో పోయెడిదండి" అని అతడు మాతో అన్నాడు. కుమారుని ఒక్క మాటయు అనలేదు. ఆ బాలుడు అక్కరకు వచ్చిననాడు తన చదువును ఉపయోగించినాడు. అతనికి మనమిచ్చిన చదువే అంతటిది.

న్యాయస్థానములలో సూటు అనగా వ్యాజ్యము, దావా. సివిలు కోర్టుల కాగితములమీద ఓ.ఎస్. అను రెండక్షరములు వేసి సంఖ్య వేయుదురు. అది ఒరిజినల్ సూట్ అనుటకు పొడియక్షరములు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడులో ఈ మాట ఆద్యంతము కనబడును. డిక్రీ యనగానేమో, జడ్జి యనగా నెవరో ఆ చట్టము రెండవ సెక్షనులోనే విశదపరచినది గాని, సూటు అనగానేమో ఎచ్చటను నిర్వచింపలేదు. చట్టము వ్రాసినవారికి అది అంత తెలిసిన మాట. మన బాలురకును తెలిసిన మాటయే. వారికి తెలిసిన సూటు వేరు, వీరికి తెలిసిన సూటు వేరు. చిక్కంతయు అక్కడనే యున్నది. పూర్తిగా తెలియని మాట యైనచో బాలుడు తెలిసినవారిని అడుగును. తెలిసినదనుకొన్న మాటను గురించి ఎవరిని అడుగును?

ఇది నేటి వకీళ్లు కల్పించిన చిక్కు కాదు. 1611 లో అచ్చయిన ఇంగ్లీషు బైబిలులోనే ఈ మాట మూడు వేషములతో కనబడుచున్నది. న్యాయాధిపతుల గ్రంథము పదునేడవ అధ్యాయమున మీకా యను నతడు తన యింట యాజకుడుగా నుండుటకు లేవీయునితో ఒప్పందము చేసికొనుచు, ఏడాదికి పది వెండినాణెములతోబాటు ఇత్తునన్న బట్టల దుస్తు సూటు. సమూయేలు రెండవ గ్రంథము పదునైదవ అధ్యాయమున అబ్షాలోము నగరపు గవినియొద్ద నిలువబడి, నేనే న్యాయాధిపతినైనచో తగవుగలవారందరు నా యొద్దకే రావచ్చునే అని జనుల మనస్సులను త్రిప్పుకొనుచున్నప్పుడు ఆ తగవు సూటు. యోబు గ్రంథము పదునొకండవ అధ్యాయమున అనేకులు నీకు చేసెదరని చెప్పబడిన విన్నపమును సూటే. మూలమగు హెబ్రీభాషలో ఈ మూడు చోట్లను మూడు వేర్వేరు మాటలు గలవు. ఇంగ్లీషు అనువాదకులు మూడింటిని ఒక్క మాటతో సరిపెట్టగలిగిరి. తెలుగులో అట్లు సాధ్యము కాదు. బట్టలకు వాడిన మాటను తగవునకు, తగవునకు వాడిన మాటను విన్నపమునకు మన భాష యొప్పదు. తెలుగున మూడు మాటలుగా ఉన్నదానికి నిలువుగీత ప్రక్కన ఒక్క మాటకే చోటుంచితిమి!

విన్నపమని చెప్పితిమి గదా. స్త్రీని వివాహమాడగోరి చేయు విన్నపము సైతము సూటే. అట్లు కోరువాడు సూటర్. హోమరు వ్రాసిన ఒడిస్సీ కథలో భర్త తిరిగిరాలేదని పెనెలోపి యింట తిష్టవేసికొని కూర్చుండిన 108 మంది వరులను ఇంగ్లీషువారు సూటర్లనియే వ్యవహరింతురు. షేక్స్‌పియరు తన 'ఆజ్ యు లైక్ ఇట్' నాటకము నాలుగవ అంకమున, మారువేషములో నున్న రోజలిండుచేత దుస్తులు, ప్రేమవిన్నపము అను రెండర్థములమీద చక్కని చమత్కారము పలికించెను. ఇట్టి శ్లేష తెలుగున కవిత్రయమును చదివినవానికి క్రొత్త గాదు. కాని సూటు అనగా కోటును ప్యాంటును అని మాత్రమే యెరిగిన విద్యార్థికి ఆ ఘట్టమున నవ్వు రాదు, ఏడుపే వచ్చును.

బట్టకును వ్యాజ్యమునకును వివాహప్రయత్నమునకును ఏమి చుట్టరికము? ఇచ్చటనే మా విచారణము రసవత్తరమైనది. ఈ మాటకు మూలము లాటిను భాషలోని సెక్వి అను క్రియ. వెంట పోవుట, అనుసరించుట అని దానికి అర్థము. అది ఫ్రెంచిభాషద్వారా మధ్యయుగములలో ఇంగ్లండునకు వచ్చినది. ప్రభువునొద్ద భూమి పొందిన రైతు, ఆ ప్రభువు కొలువుకూటమునకు హాజరు కావలసిన బాధ్యతకు మొదట సూటు అని పేరుండెను. ప్రభువు వెంట నడచు పరివారమును సూటే. ఆ పరివారమున కంతకు ప్రభువు ఒకే రంగు గుడ్డతో దుస్తులు కుట్టించి యిచ్చెడివాడు. బ్రిటిషు ప్రభుత్వకాలమున మన కలెక్టరుల వెంట నడచిన బిళ్లబంట్రోతులను తలచుకొన్నచో ఈ దృశ్యము కన్నులకు గట్టును. పరివారమునకు గల పేరు పరివారముయొక్క ఒకేరకపు దుస్తులకు, వాటినుండి ఒకే గుడ్డతో కుట్టిన ఏ జతకైనను సంక్రమించెను. మొదట గుర్తుంచుకొనుమని కోరిన కూర్పు ఇదియే. ఇక హక్కు కొరకు ప్రతిపక్షి వెంటబడి న్యాయస్థానమునకు లాగుట వ్యాజ్యము. కన్యక వెంటబడి వేడుకొనుట వివాహప్రయత్నము. ఒకదానికొకటి అనుసరించి యుండుట, అనగా తగియుండుట, సూట్ అను క్రియ. ఈ చొక్కాయి నీకు సూటయినదని మనమును అనుచున్నాము. ఆ తెలుగు వాక్యములో నున్నది కోటు గాని ప్యాంటు గాని కాదు.

పేకముక్కలలో సైతము ఈ మాట గలదు. ఆ విద్య మా పాఠశాల బోధనాంశములలో లేదు గనుక క్లుప్తముగా చెప్పెదము. యేబది రెండు ముక్కలలో ఆఠీను, ఇస్పేటు, డైమను, కళావరు అను నాలుగు గుర్తులలో ఒక్కొక్క గుర్తుగల పదుమూడు ముక్కల కూర్పు సూటు. ముందువాడు వేసిన గుర్తునే తరువాతివాడు వేయుట "ఫాలో సూట్". వార్తాపత్రికలలో ఒక ప్రభుత్వము చేసిన పనినే మరియొక ప్రభుత్వమును చేసినదని చెప్పుటకు ఈ మాట వాడుదురు. అచ్చట ఎవరును ఎవరి కోటు వెంటను పోలేదు. పెద్ద హోటళ్లలో ఒకదాని వెంట నొకటిగా కలిసియున్న గదుల వరుసకు గల పేరు ఈ మాటకు తోబుట్టువే గాని, వ్రాతలో చివర ఒక యక్షరము హెచ్చు, పలుకుబడిలో స్వీట్. దానిని చూచి మిఠాయి యనుకొనువారును కలరు. వారిని మేము తప్పుపట్టము.

వెంట అను తెలుగు మాటను వాడుచు పోతిమి. అది యాదృచ్ఛికము కాదు. అప్పిచ్చినవాడు బాకీదారుని వెంటబడును. కుఱ్ఱవాడు పిల్ల వెంటబడునని లోకులు చెప్పుకొందురు. బంట్రోతు దొర వెంటబడి పోవును. ఇంగ్లీషువాని యూహ ఏ త్రోవను నడచినదో మన యూహయు ఆ త్రోవను కొంతదూరము నడచినది. సంస్కృతమునుండి మనము తెచ్చుకొన్న అను అను ఉపసర్గమును చూడుడు. వెంట నడచువాడు అనుచరుడు. రూపమునకు తగినది అనురూపము. కూలమనగా ఏటిగట్టు, గట్టు వెంబడి పోవునది అనుకూలము. పరివారమును తగియుండుటయు రెండును ఒక్క అను చాటున ఒదిగియున్నవి. ఈ మాటలను బాలుడు ఎనిమిదవ తరగతిలోపలనే తెలుగున నేర్చియుండును. ఆ తెలుగును చేతికందించినచో, సూటు అను మాటకు గల అర్థములన్నియు అతనికి చెల్లాచెదరుగ గాక ఒక్క తీగకు కాచిన కాయలవలె కనబడును. తెలుగు బాగుగా వచ్చినవానికే ఇంగ్లీషు బాగుగా వచ్చునని మేము పలుమారు చెప్పునది ఇందుచేతనే. తెలుగు పీరియడును ఇంగ్లీషు పీరియడును ఒకదానికొకటి పగయైనట్లు చూచు తలిదండ్రులు దీనిని ఆలోచింపవలెను.

చుట్టరికము ఇంకను దగ్గరిది కలదు. 1786 లో సర్ విలియం జోన్స్ కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీలో ఉపన్యసించుచు, సంస్కృతము, గ్రీకు, లాటిను భాషలు ఒకే మూలమునుండి పుట్టియుండవలెనని చెప్పెను. తరువాతి పండితులు ధాతువులను సరిచూచి ఆ మాటను స్థిరపరచిరి. లాటిను సెక్వికి సంస్కృతమున సరియైనది సచ్ అను ధాతువు. వెంటనుండుట, కూడియుండుట అని అర్థము. దానినుండి పుట్టినవాడే సచివుడు. రాజునకు తోడుగా నుండువాడు గనుక మంత్రి. కాబట్టి నేడు సచివాలయమున సూటు ధరించి కూర్చుండిన సచివునకు, తన పదవి పేరును తన యంగీ పేరును వేలకొలది సంవత్సరముల క్రిందట విడిపోయిన జ్ఞాతులని తెలిసియుండకపోవచ్చును. ఈ వంశములోనివే సీక్వెన్స్, కాన్సీక్వెన్స్, ప్రాసిక్యూట్, పర్స్యూ అను మాటలు. మొదటిదాని వెంట వచ్చునది గనుక సెకండ్ సైతము వీరి యింటిదే. కాని యొక హెచ్చరిక. సూటిగా మాటలాడుము అనునప్పటి సూటి మన సొంత తెలుగు మాట. దానికిని సూటునకును ఏ సంబంధమును లేదు. పోలికను చూచి చుట్టరికము కలుపుటలో ఉత్సాహవంతులు కొందరు హద్దు మీరుచున్నారు.

ఇన్ని యర్థములలో ఏది యెచ్చట గ్రహింపవలెనో తెలియు టెట్లు? ఇంగ్లీషు వ్యాకరణవేత్తలకంటె ఎంతో ముందుగా మనదేశమున ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరమీయబడినది. భర్తృహరి వాక్యపదీయమున, నానార్థములు గల శబ్దమునకు నిశ్చితార్థమును తెలుపు సాధనములను వరుసగా చెప్పినాడు. సంయోగము, సాహచర్యము, ప్రకరణము మొదలైనవి వాటిలోనివి. రామలక్ష్మణులన్నచో ఆ రాముడు పరశురాముడు కాడు, బలరాముడు కాడు. ప్రక్కన లక్ష్మణుడున్నాడు గనుక దశరథుని కుమారుడే. ఇది సాహచర్యము. సైంధవము తెమ్మని యజమానుడు కేకవేయును. ఆ మాటకు ఉప్పు అనియు గుఱ్ఱము అనియు రెండర్థములు. విస్తరిముందు కూర్చున్నచో ఉప్పు, ప్రయాణమునకు నిలుచున్నచో గుఱ్ఱము. ఇది ప్రకరణము. భోజనమువేళ గుఱ్ఱమును లాగుకొని వచ్చు సేవకునకును, ఫైలులో సూటును పెట్టిన మా దర్జీగారి కుమారునకును భేదమేమి? ఒక్కటే భేదము. సేవకునకు విస్తరి కనబడుచున్నది. బాలునకు మనము విస్తరిని ఎన్నడును చూపలేదు.

మన బాలురకు ఈ శక్తి సహజముగా లేదని యెవరైన అన్నచో మేమొప్పుకొనము. కట్టు అను తెలుగు మాటను తీసికొనుడు. అదియు బట్టలకు సంబంధించినదే. తల్లి చీర కట్టును, తాత పంచె కట్టును. మేస్త్రి ఇల్లు కట్టును. రైతు శిస్తు కట్టును, తండ్రి బడిజీతము కట్టును. ఆటలో పందెము కట్టుదురు. డాక్టరు పుండునకు కట్టు కట్టును. పాలు తోడుకొన్నచో పెరుగు గట్టిగా కట్టినదందురు. పెద్దలు కట్టుబాటు చేయుదురు. అబద్ధమాడువాడు కట్టుకథ చెప్పును. మూడవ తరగతి పిల్లవాడు సైతము ఇందులో ఒక్కదానిని మరియొకదానిగా పొరబడడు. ఇల్లు కట్టుచున్నారని విని, ఇంటికి చీర చుట్టుచున్నారని యనుకొన్న పసివానిని మేమెన్నడును చూడలేదు. అతనికి ఎవరు నేర్పిరి? నిలువుగీత గీచి ఎవరును నేర్పలేదు. చీరతో, ఇంటితో, శిస్తుతో కలిసియే ఆ మాట అతని చెవిని పడినది. ఒంటరిగా ఎన్నడును పడలేదు.

మేము ట్రెయినింగు కాలేజీలో చదువుకొనునప్పుడు మైకేల్ వెస్టు పేరు తరచుగా వినెడివారము. ఆయన ఢాకాలోని టీచర్సు ట్రెయినింగు కాలేజీకి ప్రిన్సిపాలుగా నుండి, బెంగాలీ బాలురు ఇంగ్లీషు చదువుటలో పడు కష్టములను దగ్గరనుండి చూచినవాడు. 1953 లో ఆయన ప్రకటించిన జనరల్ సర్వీస్ లిస్టులో సుమారు 2,000 మాటలున్నవి. ఆ గ్రంథమునకు గల ప్రత్యేకత యేమనగా, ఒక్కొక్క మాటకు ఏయే అర్థము నూటికి ఎన్ని పర్యాయములు వాడుకలో వచ్చుచున్నదో లెక్కకట్టి చూపుట. ఆ జాబితాను ఆధారముగా చేసికొని వాచకములు వ్రాసినవారు ఎందరో కలరు. మాటలను మాత్రము గ్రహించి, అర్థముల లెక్కలను విడిచిపెట్టినవారే వారిలో ఎక్కువమందియని మా యభిప్రాయము. మాటల పట్టిక నిలువుగీతకు లొంగును, అర్థముల లెక్క లొంగదు.

మా సహోపాధ్యాయులలో కొందరు దీనికి చెప్పు అభ్యంతరమును తేలికగా త్రోసివేయలేము. తరగతిలో యాబదిమంది, పాఠములు ముగింపవలసిన గడువు, పరీక్షలో అర్థములు వ్రాయుమను ప్రశ్న. ఒక్కొక్క మాటకు వంశచరిత్ర చెప్పుచు కూర్చున్నచో సంవత్సరాంతమునకు మూడవ పాఠము దాటమని వారనుచున్నారు. నిజమే. ఆక్సిజనుకు, కంగారూకు వంశచరిత్రతో పనిలేదు. వాటిని నిలువుగీతకే విడుచుదము. సూటు కథ అంతయు తరగతిలో చెప్పుమనియు మేమనుట లేదు. లాటిను ధాతువు ఉపాధ్యాయునకు తెలిసిన చాలును. అది అతని మాటలో వెలుగుగా పడును. కాని సామాన్యమైన మాటలే, పొట్టి మాటలే, బాలుడు తనకు తెలిసినవని ధీమాగా నుండునవే, ఎక్కువ అర్థములు గలవి. గైడు పుస్తకములు పొడుగు మాటలకు అర్థము లిచ్చి ఈ పొట్టి మాటలను విడిచిపెట్టుచున్నవి. బాలుడు పట్టుబడుట ఎప్పుడును ఈ పొట్టి మాటలయొద్దనే.

మేము కోరునది స్వల్పము. నిలువుగీతను కొట్టివేసి, అదే పేజీలో మాట క్రింద, ఆ మాట పాఠములో ఏ వాక్యమున వచ్చినదో ఆ వాక్యమును సంపూర్ణముగా వ్రాయింపుడు. కొంతచోటు ఖాళీగా ఉంచుడు. మరియొక పాఠములోనో, వార్తాపత్రికలోనో, కొట్టుబోర్డుమీదనో ఆ మాట వేరొక సావాసముతో కనబడినప్పుడు ఆ వాక్యమును సైతము అక్కడనే చేర్పుడు. తెలుగు అర్థమును వాక్యములోని ఆ మాటకు వ్రాయవలెను, ఒంటరి మాటకు గాదు. వారమునకు ఒక్క పీరియడు దీనికి చాలును. పరీక్షాపత్రములు తయారు చేయువారు సైతము ఒంటరి మాటకు అర్థమడుగుట మాని, వాక్యములో నుంచి అడిగినచో, గైడు పుస్తకముల సగము వ్యాపారము దానంతట అదే తగ్గును. ఇది వారి చేతిలోనిది. మా చేతిలో నున్నది నోటుపుస్తకము.

మా తొమ్మిదవ తరగతిలో ఈ సంవత్సరము దీనిని ఆరంభించితిమి. ఇండ్లకు వచ్చు ఇంగ్లీషు కాగితములనే వాచకముగా తీసికొంటిమి. విద్యుచ్ఛక్తి బిల్లులు, బ్యాంకు కాగితములు, ఇన్సూరెన్సు పత్రములు, ఆసుపత్రి చీటీలు. చార్జి అను మాటకు ఇప్పటికి తొమ్మిది వాక్యములు చేరినవి. సెల్‌ఫోనునకు ఎక్కించునది, కరెంటు ఆఫీసువారు వసూలు చేయునది, పోలీసువారు మోపునది ఒక్కటే మాటయని తెలిసి పిల్లలు ఆశ్చర్యపడిరి. తన తండ్రి తెచ్చిన పంట అప్పు కాగితము చదివిన బాలిక, బ్యాంకువారికి మా పొలముమీద నూటికి ఏడుపాళ్లు ఆసక్తి యేల కలిగినదండీ అని అడిగినది. ఇంటరెస్టు అనగా ఆసక్తియని ఆరవ తరగతిలో వల్లె వేసినందున ఆమెకు కలిగిన సందేహమది. ఆ పూట అసలు, వడ్డీ, గడువు అను మూడింటిని గురించి ఇంగ్లీషు పీరియడులోనే లెక్కలు కట్టితిమి. సాయంకాలము ఆమె ఆ కాగితమును తండ్రికి మొదటినుండి తుదివరకు చదివి వినిపించెనట.

ఇట్టి కాగితములు మాకు ఇంకను చాల కావలెను. పాత నోటీసులు, రసీదులు, ఒప్పందపత్రములు ఇండ్లలో పనికిరాక పడియున్నచో, పేర్లను, ఖాతాసంఖ్యలను కత్తిరించివైచి, పిల్లలచేత తొమ్మిదవ తరగతికి పంపవలసినదిగా తలిదండ్రులను, పూర్వవిద్యార్థులను కోరుచున్నాము.